తంగేడు పూసే వేళకు దుఃఖం తిరగబెడితే

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైనది ఇది. అమ్మగారు మొన్న ఫాల్గుణంలో క్యాన్సర్‌తో పోయారు. ఎండాకాలమంతా, వానాకాలం సగం దాకా ఎలాగో నెట్టుకొచ్చారు. వినాయక చవితి వెళ్లి, సాయంత్రాలు కాస్త చల్లబడి, కరీంనగర్ వెళ్లే దారిలో తంగేడు పూత కనబడేసరికి మళ్లీ మొదటి రోజులాగే ఏడుపు వస్తోంది. ఏడేళ్ల పాప "అమ్మమ్మ లేకుండా బతుకమ్మ పేరుస్తామా?" అని అడుగుతోంది. ఊళ్లో మీ అన్నయ్య దగ్గరున్న నాన్నగారు మాట తగ్గించేశారు. అమెరికాలో ఉన్న తమ్ముడు అమ్మ మాట ఎత్తితే చాలు, వేరే సంగతిలోకి వెళ్లిపోతున్నాడు. ఆరు నెలలు గడిచాక నేను వెనక్కి పోతున్నానా, ఇది డిప్రెషనా, ఈ ఏడు పండుగ చేయాలా మానాలా అని అడిగారు.

మీరు వెనక్కి పోవడం లేదు. క్యాన్సర్ రోగుల కుటుంబాలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న కౌన్సెలర్‌ని. ఈ నెలల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇదే మాటతో మొదలుపెడతారు. "మేడం, అప్పుడు బాగానే ఉన్నాను, ఇప్పుడేమిటిలా?" అని.

అప్పుడు ఎందుకు బాగున్నారో చూద్దాం. మార్చి నుంచి మీ చేతినిండా పని ఉంది. డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, పెన్షన్ కాగితాలు, మాసికాలు, నాన్నగారికి వంట ఏర్పాటు. ఇంకో కారణం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జబ్బు చాలాకాలం సాగి పోయినవాళ్ల విషయంలో, మొదటి నెలల్లో మనకు గుర్తొచ్చేది ఆస్పత్రి మంచం మీది మనిషి. జుట్టు రాలిన తల, సెలైన్ ఎక్కించిన చెయ్యి, అన్నం సయించని ముఖం. ఆ రూపాన్ని తలుచుకుంటే ఏడుపుతో పాటు "పోనీలే, బాధ తప్పింది" అనే ఊరట కూడా ఉంటుంది. ఆ ఊరటే మిమ్మల్ని వేసవి దాటించింది. ఇప్పుడు తంగేడు చూసినప్పుడు గుర్తొచ్చిన అమ్మ ఆ రోగి కాదు. నిరుడో అంతకు ముందటేడో చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, అరుగు మీద గునుగు పూల కట్టలు ముందేసుకుని కూర్చున్న మనిషి. ఆమె పోయిందని మీకు ఇప్పుడే తెలిసివస్తోంది. అందుకే మొదటి రోజులాగా ఉంది. ఒక రకంగా ఆమె విషయంలో ఇది మొదటి రోజే.

కాలం మారడం శరీరానికి ముందు తెలుస్తుంది, మనసుకు తర్వాత తెలుస్తుంది. వాసన సంగతే చూడండి. మనం చూసేవి, వినేవి మెదడులో ఒక మజిలీ దాటి వెళతాయి. వాసన మాత్రం దాదాపు నేరుగా జ్ఞాపకాలను, భయాన్ని, మమకారాన్ని చూసుకునే భాగాలను చేరుతుంది. బంతిపూల బుట్ట పక్కనుంచి నడిచి వెళ్లగానే గొంతు పట్టేయడం, ఎందుకో తెలియకముందే కళ్లు నిండటం అందుకే. వెలుగు కూడా మారుతోంది. జూలై మొదట్లో మన దగ్గర దాదాపు ఏడింటి దాకా పొద్దు ఉంటుంది. నవంబరు మధ్యకొచ్చేసరికి ఐదూ నలభైకే సూర్యుడు దిగిపోతాడు. ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి చీకటి. ఏటా ఇదే వేళకు అమ్మ ఫోన్ చేసి "ఎప్పుడొస్తున్నరు, పెత్రమాసకా, సద్దులకా?" అని అడిగేది కదా. ఆ ఫోన్ కోసం మీ చెవి ఇంకా ఎదురుచూస్తోంది.

దుఃఖానికి ఐదు దశలున్నాయని మీరెక్కడో చదివి, నేను ఏ దశలో ఉన్నానని అడిగారు. ఆ లెక్క వదిలేయండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ ఐదింటిని చెప్పింది, చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. తర్వాత అందరూ వాటిని బతికున్నవాళ్ల దుఃఖానికి మెట్లలాగా అంటగట్టారు. మెట్లయితే ఎక్కినవాళ్లు దిగకూడదు. మీకు వచ్చిన టెన్షన్ అంతా అక్కడి నుంచే. నేను చూసిన కుటుంబాలకు బాగా సరిపోయింది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన మాట. ఆత్మీయులను పోగొట్టుకున్న మనిషి రెండు పనుల మధ్య ఊగుతూ ఉంటాడంటారు వాళ్లు. ఒకటి పోయినవాళ్లను తలుచుకుని ఏడవడం. రెండోది మిగిలిన బతుకును నడుపుకోవడం: వంట, పిల్లల ఫీజులు, అప్పుడప్పుడూ ఒక నవ్వు. ఈ ఊగడమే మామూలు. ఏదో ఒక వైపే ఇరుక్కుపోతేనే ఇబ్బంది. వేసవంతా మీరు రెండో వైపు ఎక్కువ ఉన్నారు, ఇప్పుడు మొదటి వైపు వచ్చారు.

మన పంచాంగం ఈ రెండింటినీ ఒకే రోజు మీద పెట్టింది, గమనించారా? భాద్రపదంలో పున్నమి వెళ్లాక వచ్చే పదిహేను రోజులు పెద్దలవి, మహాలయ పక్షం. దాని చివరి రోజు అమావాస్య, అదే పెత్రమాస. ఆ పొద్దున తెలంగాణలో పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. పొద్దున అయ్యవారి ముందు కూర్చుని తల్లి పేరు చెప్పి కళ్లు తుడుచుకున్న ఆడబిడ్డే, సాయంత్రం పిల్లల చేయి పట్టుకుని గుడి ముందుకు పోతుంది. "ఏడ్చినదాన్ని పూలెలా పట్టుకోను" అని ఆమెను ఎవరూ అడగరు. అంటే మీకు జరుగుతున్నదానికి ఆ రోజులో ముందే చోటుంది. దుఃఖం తీరాకే పండుగ అనుకుంటే మన ఊళ్లలో ఏ ఏడూ ఏ ఇంట్లోనూ పూలు పేర్చేవాళ్లు కాదు.

ఇక పండుగ చేయాలా వద్దా. ఇందులో రెండు సంగతులు కలిసిపోయాయి, విడదీద్దాం. ఆచారం సంగతి: కర్మ చేసిన కొడుకు ఇంట్లో సంవత్సరీకం దాకా పండుగ చేయకపోవడం చాలాచోట్ల ఉన్నదే. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు ఆ పట్టింపు సాధారణంగా ఇంతకంటే చాలా తక్కువ. కానీ ఇంటింటికీ పద్ధతి వేరు. పెత్రమాసకు ఈ ఏడే అమ్మ పేరుతో బియ్యం ఇవ్వాలా, సంవత్సరీకం అయ్యాకా అన్నది కూడా మీ అయ్యవారిని, ఇంటి పెద్దలను అడిగి చేయండి. మీ వదిన "ఈసారి లేదు" అంటే అది మీ మీద కోపం కాదు. ఆ ఇంటికి ఆమె పాటిస్తున్న మర్యాద అది. ఆమెతో వాదన పెట్టుకోకండి.

మనసు సంగతి వేరు. మీ ఇంట్లో, మీ అత్తగారికి అభ్యంతరం లేకపోతే, నా సలహా చిన్నగా చేయమనే. పూర్తిగా మానేస్తే మొదటి ఏడు తేలిగ్గా గడుస్తుంది, వచ్చే ఏడు రెట్టింపు బరువుగా వస్తుంది. అలాగని తొమ్మిది రోజులూ, ఎప్పటిలాగే, కొత్త చీర కట్టి నవ్వుతూ ఆడాలని పెట్టుకుంటే మూడో రోజుకే పడిపోతారు. రెండు రోజులు ఎంచుకోండి చాలు, మొదటి రోజు, చివరిదైన సద్దుల రోజు. మధ్యలో ఆరో రోజు అర్రెం కదా, ఆ రోజు ఊరంతా బతుకమ్మ పేర్చదు. మిగతా రోజులను మీరూ అలాగే వదిలేయండి.

ఆడే చోటికి వెళ్లడం కన్నా పేర్చడం ముఖ్యం. ఎందుకంటే మీ అమ్మ మీకు ఇచ్చింది ఆ చేతి పని. గునుగు కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టి, కొన్నింటిని తెల్లగానే ఉంచి, మిగతావాటి తలలు రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు ఒక వరస, దాని మీద గునుగు ఒక వరస, మధ్యలో గుల్లగా ఉండకుండా కోసేసిన కాడలు, ఆకులు నింపడం. కాడలు నింపకపోతే బతుకమ్మ ఒక పక్కకు ఒరిగిపోతుందని మీకు ఎవరు చెప్పారు? పుస్తకంలో చదివింది కాదు కదా. చేతులు పనిలో ఉన్నప్పుడు వచ్చే ఏడుపు, ఖాళీగా గోడకానుకుని కూర్చున్నప్పుడు వచ్చే ఏడుపులా మనిషిని ముంచేయదు. వస్తుంది, కాసేపుంటుంది, మళ్లీ దారం ముడి దగ్గరికి చూపు పోతుంది. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి మాటల కన్నా ఇదే పనిచేసింది.

ఆడే చోటికి వెళ్లాలనిపిస్తే మీ బండి మీద మీరే వెళ్లండి, ఎప్పుడంటే అప్పుడు తిరిగి రావచ్చు. "అమ్మ రాలేదా ఈసారి?" అని తెలియక అడిగేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. దానికి జవాబు ఇంట్లోనే అనుకుని వెళ్లండి. "అమ్మ ఫాల్గుణంలో పోయిందండి. పాప కోసం వచ్చాను." ఇంతే. మాట సిద్ధంగా ఉంటే గొంతు వణికినా పూర్తవుతుంది. చప్పట్లు కొట్టి ఆడకపోయినా ఫర్వాలేదు, పక్కన కూర్చుని చూడటమూ పండుగే. అమ్మ చీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోండి, అనిపించకపోతే బీరువాలోనే ఉండనివ్వండి.

అమ్మ పాడిన పాట ఫోన్‌లో ఉందని రాశారు. ఈ వారంలోనే దాన్ని, వాట్సాప్‌లో ఉన్న ఆమె వాయిస్ మెసేజ్‌లన్నింటినీ ఇంకో రెండు చోట్ల కాపీ చేసి పెట్టండి. వినడం తర్వాత సంగతి, ధైర్యం వచ్చిన రోజు వినవచ్చు. ఫోన్ పాడై ఆ గొంతు పోతే మాత్రం అది ఇంకో చావులా ఉంటుంది. అలా పోగొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాప ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పండి. "అమ్మమ్మ చనిపోయింది, ఇక రాదు. ఆమె నాకు నేర్పింది, నేను నీకు నేర్పిస్తాను, మనిద్దరం పేరుద్దాం." అమ్మమ్మ నిద్రపోయింది, ఊరెళ్లింది, దేవుడు ఇష్టపడి తీసుకెళ్లాడు లాంటివి చెప్పకండి. ఏడేళ్ల పిల్లకు చావు అంటే తిరిగి రాకపోవడమని ఇప్పుడిప్పుడే అందుతున్న వయసు. నిద్ర అంటే నిద్రకు భయపడుతుంది, ఇష్టపడి తీసుకెళ్లాడంటే రేపు అమ్మను కూడా తీసుకెళతాడేమో అనుకుంటుంది. పిల్లల దుఃఖం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చి, ఐదు నిమిషాల్లో బెలూన్ కావాలంటుంది. అప్పుడు "అమ్మమ్మంటే ప్రేమ లేదా?" అని ఎవరూ అనకుండా చూడండి. మీరు ఏడుస్తుండగా చూస్తే దాచుకోకండి. "అమ్మమ్మ గుర్తొచ్చింది, అందుకే" అనండి, సరిపోతుంది.

నాన్నగారి విషయంలోనే నాకు మీ కన్నా ఎక్కువ బెంగగా ఉంది. ఆ తరం మగవాళ్లకు చుట్టపక్కాలతో, ఇరుగుపొరుగుతో, చివరికి కన్నపిల్లలతో కూడా మాట నడిచేది భార్య ద్వారానే. ఆమె పోతే ఆ దారులన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి. పైగా ఈసారి పండుగ లేని ఇల్లని ఎవరూ గడప తొక్కరు. నాకు తెలిసిన ఒక పెద్దాయన, రిటైరయిన టీచర్, భార్య పోయిన తర్వాత నెలలు బాగానే గడిపారు. దసరా సాయంత్రం అందరితో పాటు జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లారు. గుప్పిట్లో ఆకులతో ఇంటి గుమ్మం దాకా వచ్చాక, ఏటా మొదట ఎవరి చేతిలో పెట్టేవారో ఆ మనిషి లేదని అక్కడ తెలిసింది. అలాగే నిలబడిపోయారట. ఆ తర్వాతే అన్నం మానేయడం మొదలైంది.

అందుకని నాన్నగారికి రెండు ఏర్పాట్లు చేయండి. ఒకటి, ఆయన్ను పనిలోకి లాగండి. "ఎలా ఉన్నావు నాన్నా?" అంటే "మంచిగనే ఉన్న" తప్ప ఇంకో మాట రాదు. "గునుగు ఈసారి ఏ చెలకల్లో దొరుకుతుంది నాన్నా? అమ్మకు నువ్వు ఎక్కడి నుంచి తెచ్చేవాడివి? పాపకు కావాలి" అని అడగండి. మన ఊళ్లలో పొద్దున్నే వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చేది ఎక్కువగా మగవాళ్లే. ఆ పని ఆయనకు కొత్త కాదు. మీ అన్నయ్య ఇంట్లో పేర్చకపోయినా, మనవరాలి కోసం ఒక సంచి పూలు కోసి హైదరాబాద్ తీసుకురావడానికి ఎవరూ అడ్డు చెప్పరు. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో అన్నీ దొరుకుతాయి, నిజమే. కానీ ఈ ఏడు అవి ఆయన చేతి నుంచి రావాలి. రెండు, దసరా సాయంత్రం ఆయన ఒంటరిగా ఉండకూడదు. మీ వాళ్ల పద్ధతి ఒప్పుకుంటే పాప ఎదురెళ్లి జమ్మి ఆయన చేతిలో పెట్టాలి.

ఆయన బీపీ, షుగర్ మాత్రలు ఇన్నాళ్లూ ఎవరు అందించేవారు? అమ్మే అయి ఉంటారు. ఫోన్‌లో "వేసుకున్నావా?" అని అడిగితే తెలియదు. వెళ్లినప్పుడు స్ట్రిప్‌లు చూడండి. ఎన్ని మిగిలాయో చూస్తే నిజం బయటపడుతుంది. రాత్రి పచ్చడి మెతుకులతో సరిపెడుతున్నారేమో వదినను నెమ్మదిగా అడగండి, తప్పు పట్టినట్టు ఉండకూడదు. ఒకసారి "మీ అమ్మ పిలిచినట్టయింది" అన్నారని భయపడుతూ రాశారు. దానికి భయం వద్దు. డెవీ రీస్ అనే డాక్టర్ వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ప్రచురించిన దాంట్లో, దాదాపు సగం మంది పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనబడటమో, వినబడటమో జరిగిందని చెప్పారు. చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. "ఏమని పిలిచింది నాన్నా?" అని అడగండి. ఆరు నెలలుగా ఆగిన మాట అక్కడ మొదలుకావచ్చు.

తమ్ముడు అంత్యక్రియలకు అందుకోలేకపోయాడన్నారు. చూడని చావు నమ్మడం కష్టం. మాట మార్చడం రాతిగుండె లక్షణం కాదు, అతను ఇంకా ఆ వార్త వచ్చిన రాత్రి దగ్గరే ఉన్నాడు. న్యూజెర్సీలో అతనికి ఈ కాలం మీకన్నా గట్టిగా తగులుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ వారం నుంచి ఐదింటికి ముందే పొద్దు కుంకుతుంది. అలాంటి చోట్ల వెలుగు తగ్గడం వల్లే కొందరికి డిప్రెషన్ వస్తుందని 1984 నుంచి డాక్టర్లు గుర్తిస్తున్నారు. దానికి దుఃఖం తోడైతే రెండూ కలిసిపోతాయి. పొద్దున లేవగానే అరగంట బయట నడవమనండి, మబ్బు పట్టినా సరే. నిద్ర బాగా పెరిగి, పనిలో తేడా వస్తే అక్కడి డాక్టర్‌ను కలవాలి. పెత్రమాస పొద్దున ఏడింటికి మీరు బియ్యం ఇస్తుంటే అతనికి ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. వీడియో కాల్ పెట్టండి. మాట్లాడమని అడగొద్దు, చూస్తూ ఉంటే చాలు.

ఇది డిప్రెషనా అన్న ప్రశ్నకు వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీర్ఘకాల దుఃఖం అనే సమస్య ఒకటుంది. కనీసం ఆరు నెలలు దాటాలి, పోయినవాళ్ల కోసం తపన దాదాపు రోజూ రోజంతా ఉండాలి, పని, ఇల్లు నడవనంతగా ఉండాలి, ఆ సమాజపు ఆచారం ప్రకారం మామూలనుకునే దాన్ని మించి ఉండాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దవాళ్లకు పన్నెండు నెలల గడువు పెట్టింది. మీరు ఆఫీసుకు వెళుతున్నారు, పాపను చూసుకుంటున్నారు, ఏడుపు వచ్చి పోతోంది, స్నేహితురాలితో నవ్వానని కూడా రాశారు. ఇది దుఃఖమే. డిప్రెషన్‌లో మనిషికి తానే పనికిరానివాడినని అనిపిస్తుంది, దేని మీదా ఇష్టం ఉండదు, మంచి మాట కూడా లోపలికి దిగదు.

అయితే కొన్ని గుర్తులు మీలో గానీ నాన్నగారిలో గానీ కనబడితే ఆగకండి. తిండి తగ్గి బట్టలు వదులైపోవడం, వరసగా వారాల తరబడి నిద్ర లేకపోవడం, మద్యం అలవాటు పెరగడం, ఉన్నట్టుండి ఆస్తి కాగితాలు అప్పగించడం, "నేనూ ఆమె దగ్గరికే పోతా" అని పదేపదే అనడం. చివరి మాటను పెద్దవాళ్ల చాదస్తమని కొట్టేయొద్దు. "చనిపోవాలని ఆలోచన వస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేసి సలహా అడగవచ్చు. ప్రాణం మీదికొచ్చిందనిపిస్తే ఫోన్‌తో సరిపెట్టక, మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పండుగ గడిచాక అంతా అయిపోయిందని అందరూ అనుకుంటారు. కార్తీకం వస్తుంది, చీకటి తొందరగా పడుతుంది, చుట్టాల ఫోన్లు తగ్గిపోతాయి. నాన్నగారికి సాయంత్రం ఆరూ ఏడు మధ్య గంట కష్టంగా గడుస్తుంది. మీరు, అన్నయ్య, తమ్ముడు వారంలో రోజులు పంచుకుని ఆ గంటలోనే ఫోన్ చేయండి. తర్వాత సంవత్సరీకం. అది తిథిని బట్టి ఫాల్గుణంలో వస్తుంది, ఇంగ్లిష్ తేదీ మార్చిలో ఇంకో రోజున పడుతుంది, ఫోన్ పాత ఫొటోలు చూపించేది ఆ ఇంగ్లిష్ తేదీకే. చాలామంది తిథికి సిద్ధపడి తేదీ నాడు ఆఫీసులో కూలబడతారు. పంచాంగం చూసి రెండు రోజులనూ ఇప్పుడే రాసి పెట్టుకోండి, రెండింటికీ సెలవు అడగండి.